సొట్ట తీసే విద్య: ఇత్తడి బూరల మరమ్మతు చరిత్ర

ఇత్తడి వాద్యాల చరిత్ర రాసినవారు ఎక్కువగా వాటిని తయారుచేసినవారి గురించీ, వాయించినవారి గురించీ రాశారు. ఈ ఇద్దరికీ నడుమ మూడో మనిషి ఒకడున్నాడు. గుర్రం మీదినుంచి జారిపడో, ఊరేగింపులో గోడకు కొట్టుకునో, పెట్టెలో బరువు కింద నలిగో సొట్టపడిన బూరను మళ్లీ దారికి తెచ్చి వాయించేవాడి చేతికిచ్చే మరమ్మతు పనివాడు అతను. తన పని గుర్తు మిగలకుండా చేయడమే అతని నేర్పు కాబట్టి, పని ఎంత బాగా కుదిరితే అతని ఆనవాలు అంతగా చెరిగిపోతుంది. చరిత్రకారుల కంట అతను పడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అయినా గత ఐదు శతాబ్దాల్లో బూర నిర్మాణంలో వచ్చిన మార్పులను సొట్ట తీసేవాడి వైపునుంచి చూస్తే, తయారీదారు వైపునుంచి చూసినప్పుడు కనబడని ఒక క్రమం బయటపడుతుంది. గొట్టం ఎంత పొడవై, ఎన్ని మెలికలు తిరిగి, ఎన్ని అతుకులతో బిగుసుకుంటే, దాని లోపలికి చేరే దారి అంతగా మూసుకుపోతూ వచ్చింది. ఆ దారిని మళ్లీ తెరవడానికి జరిగిన ప్రయత్నాలే ఈ వృత్తి చరిత్రలో ముఖ్యభాగం.

బూరలకు వాడే ఇత్తడిలో సాధారణంగా నూటికి 70 వంతుల రాగి, 30 వంతుల జింకు ఉంటాయి. ట్రంపెట్‌ను విప్పి సాగదీస్తే గొట్టం పొడవు సుమారు 1.4 మీటర్లు, పెద్ద ట్యూబాది సుమారు 5.5 మీటర్లు. బెల్ అని వాద్యకారులు పిలిచే వెడల్పాటి చివరి భాగంలో రేకు మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది గనక, కుర్చీ మీదినుంచి కింద పడినా అది నొక్కుకుపోతుంది. అయితే కంటికి పెద్దగా కనబడే సొట్టే చెవికీ పెద్దది కానక్కరలేదు. గొట్టంలోని గాలి కంపిస్తున్నప్పుడు కొన్నిచోట్ల గాలి కదలిక ఎక్కువగానూ, మరికొన్నిచోట్ల పీడనపు హెచ్చుతగ్గులు ఎక్కువగానూ ఉంటాయి. కదలిక ఎక్కువైన చోట గొట్టం ఇరుకైతే ఆ స్వరం కొద్దిగా దిగుతుంది, పీడనం ఎక్కువగా మారే చోట ఇరుకైతే కొద్దిగా పెరుగుతుంది. ఈ చోట్లు ఒక్కో స్వరానికి ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి, ఒకే సొట్ట ఒక స్వరాన్ని దించి మరొకదాన్ని ఎక్కించగలదు. గొట్టం సన్నగా ఉండే చోట, అంటే ఊదే కొస దగ్గర, చిన్న సొట్ట కూడా లోపలి వైశాల్యంలో పెద్ద వంతును మింగేస్తుంది. బెల్ అంచున అరచేతి వెడల్పు సొట్ట ఉన్నా వాయిద్యం దాదాపు మునుపటిలాగే పలుకుతుంది. యజమాని బెల్ మీది సొట్టను చూసి బాధపడుతుంటే, అనుభవమున్న పనివాడు ముందుగా ఊదే గొట్టాన్ని తడిమి చూడటం ఇందుకే.

ఐరోపాలో 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం వరకు ఇత్తడి బూరలకు పుట్టిల్లు జర్మన్ నగరం న్యూరెంబర్గ్. నోయ్‌షెల్, ష్నిట్సర్, హాస్ కుటుంబాలు తరతరాలుగా అక్కడ ట్రంపెట్లు, ట్రోంబోన్లు చేశాయి. ఎరాస్మస్ ష్నిట్సర్ 1551లో చేసిన ట్రోంబోన్ నేటికీ ఆ నగరంలోని జర్మన్ జాతీయ మ్యూజియంలో ఉంది. అక్కడి పనివాళ్లు సుత్తితో సాగగొట్టిన ఇత్తడి రేకును పట్టీలుగా కోసి, ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి, అంచులను కరిగిన లోహంతో అతికేవారు. గొట్టపు లోపలి ఆకారాన్ని నిర్ణయించే ఈ కడ్డీని అచ్చుకడ్డీ అనవచ్చు. వంపు తిప్పవలసిన గొట్టంలో సీసాన్నో, జిగురు తారునో కరిగించి పోసి, అది గట్టిపడ్డాక వంచి, తరువాత మళ్లీ వేడిచేసి ఒంపేసేవారు. లోపల ఆధారం లేకుండా వంచితే గొట్టం చదునై మడత పడుతుంది. లోహపు రేకును మలిచేటప్పుడు దాని వెనుక మెత్తని ఆధారం ఉండాలన్న ఈ సూత్రం లోహకారులందరికీ తెలిసినదే. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు ఉబ్బెత్తుగా తీర్చే శిల్పులు పనిచేసేదీ దీని మీద ఆధారపడే.

ఆ కాలపు ట్రంపెట్‌కు, గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించే వాల్వులు లేవు. రెండు నిలువు గొట్టాలు, రెండు వంపులు, ఒక బెల్, అంతే. మరమ్మతు చరిత్రకు సంబంధించి అంతకంటే ముఖ్యమైన విషయం దాని కూర్పులో ఉంది. ఈ భాగాలను టంకం పెట్టి శాశ్వతంగా అతికేవారు కాదు. ఒకదానిలో ఒకటి దూర్చి, గాలి పోకుండా సందుల్లో తేనెమైనం పూసి, బెల్‌కూ పక్క గొట్టానికీ మధ్య చెక్కముక్క ఉంచి, తాడు చుట్టి బిగించేవారు. కాబట్టి సొట్టపడిన ట్రంపెట్ వచ్చినప్పుడు పనివాడు తాడు విప్పి, గొట్టాలను ఊడదీసి, ఏ కడ్డీ మీద ఆ గొట్టం పుట్టిందో అదే కడ్డీ మీదికి దాన్ని మళ్లీ ఎక్కించి సుత్తితో సవరించగలిగేవాడు. తయారీ పనిముట్టే మరమ్మతు పనిముట్టు, తయారీదారే మరమ్మతుదారు. ఈ రెండు పనులూ వేరు వృత్తులు కావలసిన అవసరం న్యూరెంబర్గ్‌లో రాలేదు.

ఆ అవసరం 19వ శతాబ్దంలో వచ్చింది. హైన్రిఖ్ ష్టోల్ట్‌సెల్, ఫ్రీడ్రిఖ్ బ్లూమెల్ అనే ఇద్దరు 1818లో ప్రష్యాలో వాల్వుకు పేటెంట్ పొందారు. 1835లో బెర్లిన్‌లో వీప్రెఖ్ట్, మోరిట్స్ కలిసి ట్యూబాను ప్రవేశపెట్టారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే పారిస్‌లో పెరినే రూపొందించిన పిస్టన్ వాల్వు నేటి ట్రంపెట్లలోనూ దాదాపు అదే రూపంలో పనిచేస్తోంది. 1840లలో అడాల్ఫ్ సాక్స్ ఒకే పోలికలో చిన్నా పెద్దా వాద్యాల కుటుంబాన్ని తయారుచేసి సైనిక బ్యాండులకు అందించాడు. సాక్స్ 1814లో పుట్టిన దినాన్ బెల్జియంలో మ్యూజ్ నది ఒడ్డున ఉన్న ఊరు. మధ్యయుగాల్లో ఇత్తడి పాత్రలకు అది ఎంత పేరు పొందిందంటే, ఫ్రెంచి భాషలో ఆ పనికే ఆ ఊరి పేరు స్థిరపడింది. బిందెలు చేసే చేతులకూ బూరలు చేసే చేతులకూ చుట్టరికం ఉందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం వెతకనక్కరలేదు.

వాల్వుతో గొట్టాల సంఖ్య పెరిగింది. ప్రతి వాల్వుకూ అదనపు వంపు, ఆ వంపులను కదలకుండా పట్టి ఉంచే బద్దెలు, బద్దెలను పట్టి ఉంచే టంకం. విడదీయడానికి వీలైన వస్తువు ఒకే బిగుతు కట్టడంగా మారింది. ఈ వాద్యంలో ఒక లోపలి వంపుకు సొట్టపడితే, పాత పద్ధతిలో దాన్ని విడదీయడానికి నాలుగైదు చోట్ల టంకం కరిగించాలి. తిరిగి అతికేటప్పుడు వాల్వుల వరస ఏమాత్రం తప్పినా పిస్టన్లు బిగుసుకుపోతాయి. పిస్టన్‌కూ దాని తొడుగుకూ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. వాద్యాన్ని విప్పకుండానే లోపలికి చేరే ఉపాయం ఇలా తప్పనిసరైంది.

ఆ ఉపాయం పేరు ఉక్కు గుండు. వంచిన గొట్టంలో పడిన ముడతలు పోవడానికీ, లోపలి వ్యాసం అంతటా ఒకేలా రావడానికీ దానిగుండా గట్టి గుండ్లను నెట్టడం తయారీశాలల్లో అలవాటైన పని. మరమ్మతుదారు దాన్నే తన సొంతం చేసుకున్నాడు. అతని బల్ల మీద గుండ్రంగానో, పీపా ఆకారంలోనో ఉండే ఉక్కు గుండ్లు వరసగా ఉంటాయి. ఒక గుండుకూ తరువాతి గుండుకూ వ్యాసంలో తేడా మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. తిన్నని గొట్టానికైతే గుండును పొడవాటి కడ్డీ కొసకు మరతో బిగించి, కడ్డీ రెండో కొసను వైస్‌లో పట్టించి, గొట్టాన్నే దాని మీదికి తొడుగుతారు. కడ్డీ వెళ్లలేని వంపుల్లో పని వేరు. సొట్ట దాటగలిగినంత చిన్న గుండును మొదట లోపలికి జారవిడిచి, దాని వెనుక బరువైన మరో గుండును వేసి, వాద్యాన్ని రెండు చేతులా పట్టి ఊపుతారు. వెనుక గుండు వచ్చి తగిలినప్పుడల్లా ముందు గుండు సొట్ట కిందికి కొంచెం కొంచెంగా దూరి లోహాన్ని పైకి ఎత్తుతుంది. అది దాటాక మరికాస్త పెద్ద గుండు, ఆ తరువాత ఇంకాస్త పెద్దది. గుండు సరిగ్గా సొట్ట కిందికి వచ్చిందో లేదో కంటికి కనబడదు కాబట్టి పనివాడు పైనుంచి తేలికపాటి సుత్తితో తట్టి వింటాడు. కింద ఉక్కు ఆనుకుని ఉంటే వచ్చే చప్పుడు ఒకటి, కింద ఖాళీ ఉంటే వచ్చేది మరొకటి. తొందరపడి ఒకేసారి పెద్ద గుండును దింపితే అది వంపులో ఇరుక్కుంటుంది. దాన్ని వెనక్కి రప్పించడం సొట్ట తీయడం కంటే పెద్ద పని.

సొట్టను మధ్యలో మొదలుపెట్టి ఎత్తకూడదన్నది ఈ వృత్తిలో అందరూ పాటించే నియమం. దెబ్బ తగిలినప్పుడు మధ్యభాగం లోపలికి పోతూ చుట్టూ ఉన్న లోహాన్ని ఒక కట్టలా పైకి ఉబికిస్తుంది. ఆ కట్టను అణచకుండా మధ్యను మాత్రమే ఎత్తితే రేకు సాగి, సొట్ట పోయిన చోట బుడిపె మిగులుతుంది. అందుకే అంచుల దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. బెల్ విషయంలో లోపలి వైపు చెయ్యి ఆడుతుంది కాబట్టి పని సులువనిపిస్తుంది గానీ, అక్కడ సుత్తి వాడకం తక్కువ. బెల్‌ను అదే ఆకారంలో ఉన్న అచ్చుకడ్డీ మీద ఆనించి, నూనె రాసి, నున్నగా మెరుగుపెట్టిన వంపు ఉక్కుముక్కతో పదేపదే రుద్దుతారు. సుత్తిదెబ్బ రేకును సాగదీస్తుంది; రాపిడి దాన్ని ఉన్నచోటే సర్దుతుంది. లోపలినుంచి ఏ దారీ లేనప్పుడు సొట్ట మీద చిన్న ఇత్తడి పుల్లను టంకంతో అతికి, పుల్ల పట్టుకుని బయటికి లాగి, తరువాత టంకం కరిగించి తీసేసే పద్ధతి కూడా ఉంది. చీలిపోయేంత పలుచబడిన చోట మాటు వేయడం తప్ప మార్గం లేదు.

ఇక్కడే పాత్రల పనివాడికీ వాద్యాల పనివాడికీ దారులు వేరవుతాయి. బిందెకు సొట్ట పడితే కంచరి దాన్ని దాగలి కొమ్ము మీద ఆనించి, కావాలంటే కొలిమిలో కాల్చి మెత్తబరచి, నిర్భయంగా కొడతాడు. ఇత్తడి చల్లగా ఉన్నప్పుడు కొట్టిన కొద్దీ గట్టిపడి పెళుసవుతుంది, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. బూరను అలా కాల్చడానికి లేదు. దాని అతుకుల్లోని మెత్తని టంకం రెండు వందల సెల్సియస్ డిగ్రీల చుట్టుపక్కల్లోనే కరిగిపోతుంది. ఇత్తడి మెత్తబడటానికి అందుకు రెండింతలకు పైగా వేడి కావాలి. సొట్ట సరిదిద్దే తొందరలో మంట పెడితే బద్దెలన్నీ ఊడి చేతికి వస్తాయి. పైపూత ఉన్న వాద్యమైతే పూత నల్లబడి పొరలుగా లేస్తుంది, మెత్తబడిన బెల్ మరుసటి చిన్న దెబ్బకే మళ్లీ నొక్కుకుపోతుంది. అందువల్ల మరమ్మతుదారు చల్లని లోహంతోనే, అది గట్టిపడుతోందని తెలిసి తెలిసి, వీలైనన్ని తక్కువ కదలికల్లో పని ముగించాలి. ఒకే చోట మూడు నాలుగు సార్లు సొట్టపడి లేచిన గొట్టం చివరికి మడత గీత దగ్గర పగులుతుంది. నేర్పరి కూడా దాన్ని ఆపలేడు.

ఇత్తడి పగుళ్లలో మరో రకం వెనుక ఉన్న రసాయనశాస్త్రం బయటపడటానికి భారతదేశపు వానలు కారణం కావడం విచిత్రమే. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వర్షాకాలంలో ఏ దెబ్బా తగలకుండానే పగిలేవి. ఋతువును బట్టి వచ్చే జబ్బు కాబట్టి దానికి ఋతుపగులు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వానల్లో తూటాలను గుర్రపుశాలల్లో దాచడం, అక్కడ గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, లోహాన్ని చల్లగా సాగదీసినప్పుడు దానిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఇవన్నీ కలిసి ఆ పగుళ్లకు కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. తూటా తొడుగు ఇత్తడీ, బూర ఇత్తడీ కూర్పులో ఒకటే, 70 వంతుల రాగి, 30 వంతుల జింకు. సొట్ట తీసినచోట సుత్తి మిగిల్చే ఒత్తిడి కూడా అదే జాతిది. కాబట్టి సవరించిన బూరను చెమటతో, తేమతో అలాగే పెట్టెలో మూసి ఉంచకూడదని పనివాళ్లు చెప్పే మాట చాదస్తం కాదు.

ఇత్తడి బూరలు భారతదేశానికి వచ్చింది ప్రధానంగా సైన్యం వెంట. 1857లో లండన్ శివార్లలోని నెలర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల ఏర్పడ్డాక బ్రిటిష్ రెజిమెంట్ల బ్యాండులు ఒక పద్ధతిలోకి వచ్చాయి. బూసీ, బెసన్ వంటి లండన్ కంపెనీల వాద్యాలు సముద్రాలు దాటి కంటోన్మెంట్లకు చేరాయి. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు తెలుగు నేల మీద ఇటువంటి బ్యాండులు వినిపించిన ముఖ్య కేంద్రం. లండన్‌లో కొన్న వాద్యం ఇక్కడ సొట్టపడితే తిరిగి లండన్‌కు పంపి బాగుచేయించడం జరిగే పని కాదు. ఉత్తరాన మీరట్ కంటోన్మెంటు ఊళ్లో, సైనిక బ్యాండులో పనిచేసిన నాదిర్ అలీ 1885లో పెట్టిన కంపెనీ మొదట దిగుమతి వాద్యాలు అమ్మి, 1911 నాటికి సొంత తయారీ మొదలుపెట్టింది. జాలీ కోఠీ అనే ఆ పేట ఇత్తడి బూరలకు దేశమంతటికీ చిరునామా అయింది. పెళ్లి బ్యాండుల చేతుల్లో కనిపించే యూఫోనియంలు, ట్రంపెట్లు అనేకం అక్కడి గల్లీల్లో పుట్టినవే.

సైన్యంనుంచి పెళ్లి ఊరేగింపుకు మారినప్పుడు వాద్యం ఎదుర్కొనే ప్రమాదాలూ మారాయి. బ్యాండు మేళంలో బూర రాత్రివేళ ఇరుకు వీధుల్లో, జనం తోపులాటలో నడుస్తుంది; లారీ మీద, బస్సు టాపు మీద పెట్టెలేకుండా ప్రయాణిస్తుంది; ముహూర్తాలు వరసగా ఉన్న నెలల్లో దానికి ఒక్కరోజు విశ్రాంతి దొరకదు. యూఫోనియం అడుగు వంపు నేలకు ఆనుతుంది కాబట్టి అక్కడే సొట్టలు ఎక్కువ. తయారీదారులు ఆ వంపుకు అదనపు రక్షణ పట్టీ అతకడం ఇందుకే. ప్రత్యేక పనివాడు అందుబాటులో లేని ఊళ్లలో వాద్యం పాత్రల పనివాడి దగ్గరకో, వాహనాల డెంటింగ్ షెడ్డుకో చేరడం సహజం. ఆ చేతులు మోటువని అనుకోవడం పొరపాటు. లోహం సంగతి వారికి బాగానే తెలుసు. తెలియనిది గాలి సంగతి. పైకి నున్నగా కనబడేలా సరిచేసిన గొట్టం లోపల ఇరుకుగానే ఉండిపోవచ్చు, అప్పుడు వాద్యం మెరుస్తుంది గానీ శ్రుతి తప్పుతుంది. కొత్త యూఫోనియం కొనలేని బ్యాండు మాస్టరుకు ఆ మెరుపే చాలని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అమెరికాలో ఈ వృత్తిని పెంచింది సైన్యం కంటే బడి. 1923లో షికాగోలో జాతీయస్థాయి పాఠశాల బ్యాండు పోటీ జరిగిన నాటినుంచి అక్కడి బడుల్లో బ్యాండులు వేగంగా వ్యాపించాయి. పిల్లల చేతుల్లో పడిన వేలకొద్దీ బూరలకు సొట్టలు పడటం మామూలైంది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్ఖార్ట్ పట్టణం అప్పటికే వాద్యాల తయారీకి రాజధాని. మరమ్మతుదారులు తమకంటూ ఒక జాతీయ సంఘాన్ని 1976లో ఏర్పాటు చేసుకున్నారు. మిన్నెసోటాలోని రెడ్ వింగ్ కళాశాల ఈ పనిని పాఠ్యక్రమంగా బోధిస్తోంది. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక గుండు పద్ధతిలో చాలాకాలం తరువాత నిజమైన మార్పు వచ్చింది. గొట్టం లోపల ఉక్కు గుండు, బయట చేతిలో బలమైన అయస్కాంతం. ఇత్తడిని అయస్కాంతం ఆకర్షించదు కాబట్టి మధ్యలో ఉన్న గోడను పట్టించుకోకుండా గుండు దాని వెంట నడుస్తుంది, సొట్టను లోపలినుంచి ఒత్తుతూ ముందుకూ వెనక్కూ రుద్దుతుంది. ఊపడం, చప్పుడు విని ఊహించడం చాలావరకు తగ్గాయి. అయితే మడతపడిన రేకును అయస్కాంతం కూడా మళ్లీ కొత్తదానిలా చేయలేదు.

సొట్టను తీయకూడదని ఎవరైనా కోరుకుంటారా అంటే, ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1953 జనవరిలో న్యూయార్కులో భార్య పుట్టినరోజు వేడుకలో జాజ్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ ట్రంపెట్ మీద ఎవరో పడటంతో దాని బెల్ పైకి వంగిపోయింది. మర్నాడు ఆయన దాన్ని తిన్నగా చేయించుకున్నాడు గానీ, వంగిన బెల్ నుంచి వచ్చిన ధ్వని మనసులో నిలిచిపోయి, కావాలనే బెల్ పైకి తిప్పిన ట్రంపెట్‌ను మార్టిన్ కంపెనీ చేత చేయించుకుని జీవితాంతం ఆ ఆకారాన్నే వాయించాడు. మ్యూజియం సంరక్షకులు మరో కారణంతో సొట్టను ముట్టరు. పాత బూరలోని సొట్టను ఎత్తితే, దాని పక్కనే ఉన్న అసలు పనివాడి సుత్తి గుర్తులు, అతుకు గీతలు కూడా చెరిగిపోతాయి. వాయించడానికి ఉపయోగపడని నష్టమే చదవడానికి ఆధారమవుతుంది. ఈ వైఖరి సమంజసమే. వాయించే బూరకు వైద్యం కావాలి, చదివే బూరకు యథాతథ స్థితి కావాలి.

ఆ మ్యూజియంలే చేయని పని మరొకటి ఉంది. అవి బూరను అద్దాల వెనుక పెడతాయి, దాన్ని మూడు నాలుగు తరాలు బతికించిన గుండ్లను, కడ్డీలను, అరిగిన సుత్తులను తెచ్చి పక్కన పెట్టడం అరుదు. పనివాడు పని మానుకున్న రోజున ఆ పనిముట్లు పాత ఇనుము కింద తూకానికి పోతాయి. మీ ఊరి బ్యాండు మేళానికి బూరలు బాగుచేసిన వృద్ధుడు ఎవరైనా ఉంటే, ఆయన పనిముట్లను ఫొటో తీసి, ఏ గుండు దేనికి వాడతాడో ఆయన మాటల్లోనే రాసి ఉంచండి. తెలుగునాట బ్యాండు మేళాల చరిత్ర రాయబోయేవారికి అది పనికివస్తుంది.